కెరటం దాటిన పడవ

కళింగపట్నం వెళ్లే బస్సులో నా పక్కన ఒక జాలరి పెద్దామె కూర్చుంది. ఒళ్లో పెద్ద బంతిపూల దండ ఉంది.

“ఎవరికమ్మా ఈ దండ?” అని అడిగాను.

“మా అయ్య సేసిన పడవకి. తుపానులో ముక్కలైపోనాది. పొయ్యిలో ఎట్టుకోమన్నారు అందరూ. నాను ఒప్పలేదు. రెండేళ్లు పట్టి బాగు సేయించినాను. ఇయ్యాల సముద్రంలోకి దిగతాది.”

లైట్‌హౌస్ చూద్దామని బయల్దేరినవాణ్ణి, ఆమె వెంటే ఒడ్డుకు నడిచాను. ఆమె పడవకు దండ కట్టింది. అక్కడ ఎదురుచూస్తున్న ఆమె తమ్ముళ్లిద్దరూ దాన్ని నీటిలోకి తోసి ఎక్కారు. మొదటి కెరటానికే అది నిటారుగా లేచింది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పడవ బోల్తా పడలేదు. ఆ కెరటాన్నీ, దాని వెనక రెండింటినీ దాటి నిలకడగా సాగిపోయింది.

పట్టుకున్న నా చేతిని అలాగే పైకెత్తి ఆమె ఒడ్డంతా వినబడేలా అరిచింది.

“సూడండ్రా! మా అయ్య పడవ!”

ఆమె చెయ్యి దించేశాక కూడా నాది గాల్లోనే ఉంది.