నాలుగో చుట్టులో ఆగిపోయే బండి

తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో నాకొక షెడ్డు ఉంది. మోటారు సైకిళ్ళ మెకానిక్‌ని. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పడం, బిగించడం తప్ప నాకు వేరే పని తెలియదు. బండి ఎందుకు మొరాయిస్తోందో చప్పుడు విని చెప్పేస్తానని నాకో గర్వం. అది ఉత్త గర్వమేమీ కాదు, చాలాసార్లు నిజంగానే చెప్పాను. అందుకేనేమో, చెప్పలేకపోయిన ఆ ఒక్కసారి ఇంకా నన్ను వదల్లేదు.

మా అమ్మాయి చిత్తూరు దగ్గర ఇంజనీరింగు చదువుతున్నప్పుడు వాళ్ళ జట్టు ఒక రేసు కార్టు కట్టింది. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేలకు జానెడెత్తులో ఇనప గొట్టాల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, దాని వెనక ఇంజను. కప్పు లేదు, తలుపు లేదు. ఇంజను పాత నూటయాభై సీసీ మోటారు సైకిలుది. జోరు పెరగాలని దానికి సిలిండరు బోరు పెంచి, హెడ్డు కొంచెం అరగదీసి, పెద్ద బండి కార్బురేటరు తగిలించాం. పెట్రోలుకు పాత మోపెడు ట్యాంకు ఒకటి సీటు వెనక ఎత్తులో బిగించాం. అన్నీ నా షెడ్డులోనే, నా చేతి మీదే జరిగాయి. నడపడానికి ఇద్దర్ని ఎంచుకున్నారు. మొదటి డ్రైవరు మా అమ్మాయి. రెండోవాడు ఆమె క్లాసు అబ్బాయి.

నా షెడ్డులోంచి ఏ బండీ పసుపు కుంకుమ లేకుండా బయటికి పోదు. మామూలు బండికైతే హెడ్‌లైటు మీద పెడతాను. దీనికి ముఖమే లేదు. ముందు నుంచి వెనక దాకా వెతికితే చదునుగా కనిపించింది ట్యాంకు మూత ఒక్కటే. తడి పసుపు దట్టంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ పాతదాని మీదే కొత్త బొట్టు పెట్టేవాణ్ణి.

నాయుడుపేట దగ్గర పారిశ్రామికవాడలో ఆదివారాలు రోడ్లు ఖాళీగా ఉంటాయి. కాలేజీవాళ్ళు అడిగి అనుమతి తెచ్చారు. మొదటి ఆదివారం రెండో డ్రైవరు రెండు చుట్లు తిప్పి వచ్చాడు. జట్టు నాయకుడు కూడా సరదా పడి రెండు చుట్లు తిప్పాడు. ఇంజను బ్రహ్మాండంగా పలికింది. మనిషి మారినప్పుడల్లా మూత తీసి పెట్రోలు చూసుకున్నాం. తర్వాత మా అమ్మాయి ఎక్కింది. పెద్ద రేసు నడపాల్సింది ఆమే కాబట్టి వరసగా పది చుట్లు తిప్పమన్నాం. నాలుగో చుట్టులో బండి ఆగిపోయింది. పరుగున వెళ్ళి, పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి చూశాం. సగానికి పైగా ఉంది. మూత బిగించి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు అందుకుంది. మళ్ళీ నాలుగో చుట్టులో ఆగింది.

ప్లగ్గు విప్పి చూశాను. మొన తెల్లగా ఉంది. అంటే లోపలికి పెట్రోలు చాలడం లేదు. కార్బురేటరులో పెట్రోలు వదిలే జెట్టు ఉంటుంది, దాన్ని తీసి ఒక సైజు పెద్దది వేశాను. ఆగింది. ప్లగ్గుకు కరెంటు పంపే కాయిలు వేడెక్కి పని మానేస్తోందేమోనని కొత్తది వేశాను. ఆగింది. పెట్రోలు గొట్టం, ఫిల్టరు విప్పి నోటితో ఊదాను. వాల్వుల సందు కొలిచాను. మూడు ఆదివారాలు ఇదే తంతు. ప్రతిసారీ మగపిల్లలిద్దరూ రెండేసి చుట్లు తిప్పి నవ్వుతూ వచ్చేవారు. మా అమ్మాయి ఎక్కితే నాలుగో చుట్టు దాటేది కాదు.

మూడో ఆదివారం ఆమె హెల్మెట్ తీసి నా దగ్గరికి వచ్చింది.

"నాయనా, అది టక్కున ఆగేది కాదు. మూడో చుట్టు కాడ్నించే పట్టుకుంటా, వదల్తా ఉండాది. దప్పికైనోడు నీళ్ళు లేక సొమ్మసిల్లినట్టు ఉండాది. ఒకసారి సూడు."

ఎండ మండుతోంది. చేతులు కాలి ఉన్నాయి. పిల్లలందరి ముందూ మూడు వారాలుగా ఓడిపోతున్న పెద్దమనిషిని.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంజను మీద యాల పెడతావు? కాలు ఎత్తకుండా యాక్సిలరేటరు అట్లా తొక్కితే యా ఇంజనైనా ఆగుతాది. నీ కాలు సరిజేసుకో పో" అన్నాను.

పిల్లలు నవ్వారు. నిజం చెప్పాలంటే, వాళ్ళు నవ్వడం నాకు హాయిగా అనిపించింది. తప్పు నా పనిలో లేదని నలుగురూ ఒప్పుకున్నట్టుగా ఉండింది.

జట్టు నాయకుడు పక్కకు పిలిచి, "ఏం చేద్దాం అంకుల్?" అని అడిగాడు.

"రేసుకు ఆ పిల్లోడినే ఎక్కించండప్పా. ఈమె నడిపితేనే గదా ఆగతా ఉండేది" అన్నాను.

తండ్రే, అందులోనూ మెకానిక్కే ఆ మాట అన్నాక ఇంక ఎదురేముంటుంది. మా అమ్మాయి చేతి తొడుగులు విప్పి రెండో డ్రైవరుకు ఇచ్చేసింది. షెడ్డుకు బండి తోసుకొచ్చిన ప్రతివాణ్ణీ నేను మొదట అడిగే మాట, "ఆగే ముందు ఎట్లుండింది?" అని. ఈమె నేను అడగకముందే చెప్పింది. నేను వినలేదు.

రేసుకు ముందురోజు శనివారం మధ్యాహ్నం, షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. మనసు ఒప్పక, కార్టు వెనక చక్రాలు గాల్లోకి లేపి, యాక్సిలరేటరు తీగ సగానికి లాగి కట్టి, స్టూలు మీద కూర్చున్నాను. పెట్రోలు నింపాను, మూత బిగించాను, ఇంక దేన్నీ ముట్టుకోలేదు. చాలాసేపు బాగానే ఆడింది. తర్వాత చప్పుడు సన్నగిల్లింది. పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. అమ్మాయి చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఇంజను ఆగింది. లేచి ట్యాంకు మూత తిప్పాను. స్స్‌మని ట్యాంకు లోపలికి గాలి పీల్చుకుంది. రోడ్డు మీద పిల్లల గోలలో ఇన్నాళ్ళూ ఇది నా చెవిన పడలేదు.

ఆ చప్పుడు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళ అనుభవం అక్కర్లేదు. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే ఆ జాగాలోకి గాలి పోవాలి. అందుకే మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జాన్ని నా పసుపు మూసేసింది. శుక్రవారం శుక్రవారం పొర మీద పొర ఎక్కి గట్టిపడింది. పిల్లలు వారం వారం బండంతా తుడిచేవారు గానీ, బొట్టు చెరపకూడదని దాని చుట్టూ తుడిచి వదిలేసేవారు. రెండు చుట్లకు తేడా తెలియదు, నాలుగు చుట్లకు ట్యాంకు బిగదీసుకుంటుంది. మనిషి మారినప్పుడల్లా, బండి ఆగినప్పుడల్లా పెట్రోలుందా లేదా అని మూత తీసి, మేమే గాలి వదిలి, మేమే మూసి, ఎందుకు ఆగిందని ఇంజనంతా వెతికాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది నా పని.

పిన్నీసుతో పొడిచి బెజ్జం తెరిచాను. పసుపు పెళ్ళలు అరచేతిలో రాలాయి. మళ్ళీ స్టార్టు చేస్తే, ట్యాంకు అడుగంటేదాకా ఇంజను ఆగలేదు.

సాయంత్రం కార్టును తీసుకుపోవడానికి జట్టు వచ్చింది. మా అమ్మాయి కూడా వాళ్ళతో ఉంది.

"ఏమన్నా దొరికిందా అంకుల్?" అని నాయకుడు అడిగాడు.

"జెట్టు ఇంకొంచెం సరిజేసినా. ఇంక ఆగదు" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానంటే, సిగ్గు. ఇంజన్ల గురించి పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, బొట్టు పెట్టి బండిని ఆపేశానని ఎలా చెప్పను? ఆ రాత్రి అన్నం దగ్గర తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.  

రేసు పలమనేరు వైపు ఒక మైదానంలో. పొద్దున ఆరు చుట్ల చిన్న పోటీ, మధ్యాహ్నం ఇరవై చుట్ల పెద్ద పోటీ. పెద్దదానికి ఎవరు నడుపుతారో భోజనాలకు ముందు రాసివ్వాలి. పొద్దున రెండో డ్రైవరు ఆరు చుట్లూ ఆగకుండా తిప్పి మూడోవాడుగా వచ్చాడు. పిల్లలు గంతులేశారు. ఒకడు నా భుజం తట్టి, "మీరు చెప్పిందే కరెక్టు అంకుల్" అన్నాడు. నా పనితనం ఆ ఇంజను చప్పుడులో నాకు వినిపిస్తూనే ఉంది. ఒక్క రవ్వ సంతోషం కలగలేదు.

నేను గుడారం నీడలో కూర్చుని ఉంటే మా అమ్మాయి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పిందే నిజం నాయనా. జెట్టు ముందు మార్చినప్పుడు గూడా నాకు ఆగింది, వాడు నడిపితే ఆగలేదు సూడు. తప్పు నా కాల్లోనే ఉండాది. మధ్యాన్నం గూడా వాడే నడపనీ. నాకు ఇంక వద్దు."

 ఆమె కోపంతో అని ఉంటే తట్టుకునేవాణ్ణి. నమ్మి అంది. నా పరువు కోసం నేనాడిన మాటను నా బిడ్డ నిజమని నమ్మి, తనకు నడపడం రాదని తేల్చుకుంది. సీసా కింద పెట్టి, జట్టునంతా పిలిచాను. మూత తెప్పించి, బెజ్జం చూపించి, పసుపు సంగతి మొత్తం చెప్పాను. "ఈమె కాలు బాగుండాది. ఈమె చెప్పిందే నిజం. నేనే వినలేదప్పా" అన్నాను.

పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. రెండో డ్రైవరు చేతి తొడుగులు విప్పి ఆమె ముందు పెట్టాడు. నాయకుడు కాగితం తీసి పేరు మార్చాడు.

ఆమె నన్నే చూస్తోంది.

"నీకు నిన్న తెలిసిందా, ఈ పొద్దు తెలిసిందా?" అని అడిగింది.

ఈ పొద్దే అంటే అక్కడితో అయిపోయేది. నోటి చివరి దాకా వచ్చింది కూడా.

"నిన్నే తెలిసిందమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, తొడుగులు వేసుకుని లేచింది. మధ్యాహ్నం ఇరవై చుట్లూ తనే నడిపింది. ఎక్కడా కాలు తడబడలేదు, ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. రెండో స్థానం వచ్చింది. దిగి, హెల్మెట్ తీసి, నేరుగా వాళ్ళ జట్టు దగ్గరికి వెళ్ళింది. నా దగ్గరికి రాలేదు.