మామగారిని శబరిలోంచి ఒడ్డుకు లాగిన వైనం

మామగారిని పిలక పట్టుకుని అరుగు మీంచి వాకిట్లోకి ఈడ్చిన అల్లుడు బస్తరు రాజ్యం మొత్తానికి ఒక్కడే. వాడు నేనే. తొందరపడి తిట్టకండి. ఆయన మీద నాకు కోపం లేదు, నేను తాగి లేను. ఆయన ప్రాణం కాపాడదామనే ఈడ్చాను. ఆ కాపాడటంలో నా కాపురం మునిగినంత పనయింది.

మీసాలొచ్చిన నాటి నుంచి నాకొక జబ్బు. అందరూ కలలు కంటారు, నేను కలలు చేస్తాను. కలలో పరిగెత్తితే మంచం మీద కాళ్లు పరిగెడతాయి. కలలో జాతరకు వెళ్లి డోలు వాయిస్తే, పొద్దున మా అన్న వీపు ఎర్రగా ఉండేది. గాలి సోకిందని ఊళ్లో వాళ్లు తాయెత్తులు కట్టారు. మా అమ్మ మాత్రం, "పెండ్లయితే అదే పోతదిరా" అంది.

పోయింది కూడా! మా అచ్చమ్మ కొంటాలో మా ఇంటికి కాపురానికొచ్చిన ఆరు నెలల్లో ఒక్క కల కూడా నా ఒళ్లు దాటి బయటికి రాలేదు. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే లేచేవాణ్ణి. ఉప్పు దుకాణంలో కూర్చుని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

చిక్కల్లా మా మధ్యగది తలుపుతోనే. పూర్వజన్మ పగ ఏదో ఉన్నట్టు అది మా ఆవిడకు తగులుతూ ఉండేది. ఒకరోజు మోచెయ్యి, ఒకరోజు చెంప.

"ఏందే అట్ల కమిలింది?"

"తలుపు తగిలిందండీ."

ఇప్పనూనె వేడి చేసి నేనే రాసేవాణ్ణి. చివరికి తట్టుకోలేక వడ్రంగిని పిలిపించి, తలుపు అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టించాను. అయినా వారం తిరక్కముందే మళ్లీ తగిలింది. "ఈ తలుపే మార్పిస్త" అంటే, "వద్దులెండి, అలవాటైంది" అని నవ్వింది. ఎంత ఓర్పు అనుకున్నాను. మీకు విషయం ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

ఆ వేసవిలో గీదంలోని అత్తవారింటికి వెళ్లాం. మా మామగారు చింతపండు వ్యాపారి. మనిషి ధాన్యపు గాదెలా ఉండేవాడు. ఆయన దగ్గితే సంతలో బేరాలు ఆగిపోయేవి. నెత్తిన గుర్రపుతోకంత పిలక. కొత్తల్లుణ్ణని అత్తగారు కొసరి కొసరి పెట్టిన భోజనం చేసి, మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద పక్కపక్కనే చాపలు వేసుకుని నడుం వాల్చాం. వాకిట్లో చింతపండు ఎండుతోంది. ఏదో కాగితం మీద మామగారి సంతకం కోసం వచ్చిన పట్వారీ, ఆయన లేచేదాకా ఉంటానని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నా నిద్ర బంధుత్వం కూడా ఎరుగదు.

కలలో శబరికి వరదొచ్చింది. ఉప్పు బస్తాల పడవ తిరగబడింది. అందులో మామగారున్నారు! మునుగుతున్నారు, తేలుతున్నారు. బస్తాలు ఒకవైపు, మామగారు ఇంకోవైపు. ఒక్క దూకు దూకి చేతికందింది పట్టుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, నేను పట్టిన మామకు పిలకొక్కటే ఉంది.

"భయపడకు మామా! ఒడ్డొచ్చింది! కాళ్లాడించు!"

"ఓరి నాయనో! ఇడువురా!" అని మామగారి కేక.

"ఇడిస్తే పోతవు మామా!" అని నేను ఇంకా గట్టిగా లాగాను.

"అరే, ఛోడో! ఛోడో!" అంటూ పట్వారీ నా నడుం పట్టుకున్నాడు. మొసలి అనుకుని ఆయన్ని ఒక్క తన్ను తన్నాను.

మెలకువ వచ్చేసరికి ముగ్గురం చింతపండు రాశిలో ఉన్నాం. పిలక ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

మామగారు లేచారు. ముఖం కుంకుమ భరిణెలా ఉంది. "పిచ్చోనికి ఇచ్చిన్నా పిల్లను? నా బిడ్డ ఇంక ఈడనే ఉంటది. నువ్వొక్కనివే పో కొంటాకు!"

ఏమని చెప్పను? జబ్బు దాచిపెట్టి పెళ్లి చేసుకున్న మాట నిజమే కదా. తలుపు చాటున అత్తగారి ఏడుపు వినబడింది. ఆవిణ్ణి దాటుకుని అచ్చమ్మ వాకిట్లోకి వచ్చింది.

"పిచ్చి కాదు నాయినా. నిద్రల ఆయన ఒళ్లు ఆయన మాట ఇనదు. నాకు మొదటి వారం నుంచే తెలుసు."

"నీకు తెలుసా?" అన్నాం మామా అల్లుళ్లం ఒకేసారి.

"తెలుసు. అందుకే మంచం తీసేసి పక్క కింద పరుస్తున్న. బిందెలు, చెంబులు దూరం జరుపుతున్న. పొద్దుగాల ఆయన లేచేసరికి అన్నీ సర్దుతున్న."

"మరి ఆ తలుపు?" అన్నాను.

అచ్చమ్మ తల వంచుకుంది. "తలుపు మీరేనండీ."

అక్కడే చింతపండులో కూలబడ్డాను. "చెప్పకపోతివేందే?"

"చెప్తే మీరు నిద్ర మానేస్తరు. నాకు నూనె రాసేటప్పుడు మీ మొహం నేను సూడలేదా?"

మామగారు వీపుకు అంటిన చింతపండు పీక్కుంటూ, "ఇంతకీ కలల ఏమైంది?" అన్నారు. చెప్పాను.

"పడవల ఉప్పెంత ఉండె?"

"పన్నెండు బస్తాలు."

"అన్నీ ఇడిసిపెట్టినవా?"

"ఇడిసిపెట్టిన మామా."

ఆ రోజుల్లో మా అడవుల్లో గుప్పెడు ఉప్పుకు గంపెడు సారపప్పు పోసేవాళ్లు. మామగారి కళ్లు చెమర్చాయి. "చూసినవా?" అన్నారు తలుపువైపు తిరిగి అత్తగారితో. "నా తోడబుట్టినోళ్లు మెలకువల ఉండి కూడా నన్నిడిసి ఉప్పే పట్టుకుంటరు."

పట్వారీ నడుం సవరించుకుంటూ, "దామాద్ అచ్ఛా హై సేఠ్‌జీ, మగర్ దూర్ సే" అన్నాడు. అల్లుడు మంచివాడే కానీ దూరం నుంచి, అని.

ఆ సలహానే షరతుగా పెట్టి మామగారు కూతుర్ని నాతో పంపారు. ఇంట్లో రెండు పక్కలుండాలి, మధ్య బారెడు జాగా ఉండాలి. మధ్యలో పెట్టుకోమని బూరుగుదూది కుక్కిన బస్తాలు రెండు బండిలో వేయించారు. నేను దారి పొడుగునా అచ్చమ్మ మోచేతి మీది మచ్చ వంక చూడలేక ఎద్దుల తోకలే చూస్తూ కూర్చున్నాను.

ఊరు దాటాక తనే కదిలించింది. "మా నాయినను ఏట్లకెళ్లి తీసిండ్రు, మంచిదే. మరి నన్ను గుద్దినప్పుడల్లా మీ కలల నేనెవర్ని?"

ఇంత మంచి ఇల్లాలి దగ్గర ఇక ఒక్క అబద్ధం కూడా ఆడకూడదని ఆ క్షణమే అనుకున్నాను. అనుకుని, నిజం చెప్పాను.

"ఎలుగుబంటివి."

బండి సగం దారిలోని సుక్మా చేరేదాకా అచ్చమ్మ మాట్లాడలేదు.

అందుకే పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వైద్యుడడిగినా, రాజుగారడిగినా, సాక్షాత్తూ దంతేశ్వరి తల్లి ఎదుట నిలబడి అడిగినా నా కలలన్నీ పూస గుచ్చినట్టు చెబుతాను. భార్య అడిగితే మాత్రం, ఆ రోజు నాకు కలే రాలేదు.