చప్పుడు లేని బడి

కాగితం మిల్లులో అతని అసలు పేరు హాజరు పిలిచే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. అందరికీ అతను చెవిమేస్త్రి. జానెడున్నర పొడవు స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ అతని వెనక జేబులో ఉండేది. తిరుగుతున్న మోటారు మీద దాని కొన ఆనించి, పిడిని చెవికి అదుముకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, ఎడమ వైపు బేరింగు, ఇంకో పది రోజులు అనేవాడు. పదకొండో రోజు ఏమవుతుందో చూసిన వాళ్ళెవరూ లేరు. తొమ్మిదో రోజునే దాన్ని విప్పి మార్చేసేవారు. విప్పి చూస్తే లోపలి గుండ్లు పుచ్చిపోయిన పళ్ళలా గుంటలు పడి ఉండేవి.

అంతమంది మెచ్చుకున్న ఆ చెవికి ఇంట్లో మాత్రం విశ్రాంతి ఉండేది కాదు. తొమ్మిదేళ్ళ కూతురు పొద్దున్న పళ్ళు తోముకుంటూనే నోటినిండా నురుగుతో మాట్లాడటం మొదలుపెట్టేది. వాళ్ళమ్మ దాన్ని వసపిట్ట అని పిలిచేది. దాని నోట్లో నువ్వు గింజ నానదు. పక్కింటివాళ్ళ గొడవలు మేడ మీదికీ, మేడ మీది సంగతులు పాలవాడికీ చేరేసేది. చీమలు నిద్రపోతాయా, నిద్రపోతే ఏ పక్కకి తిరిగి పడుకుంటాయి అని అడిగేది. జవాబు చెబితే దాని తోక పట్టుకుని ఇంకో ప్రశ్న వచ్చేది. మేస్త్రి రోజంతా మోటార్లు విని వచ్చి, ఆ గోలలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. విసుక్కునేవాడు. విసుక్కుంటూనే, పిల్ల మధ్యలో ఆగితే, ఊఁ, తర్వాత అనేవాడు.

ఆ ఏడు మిల్లు మూసేస్తున్నట్టు నోటీసు అంటించారు. పనివాళ్ళని ఇంటికి పంపలేదు, అదొక్కటే నయం. కంపెనీకి మూడు ఊళ్ళలో ఇంకో మూడు మిల్లులున్నాయి. ఏ ఊరు కావాలో పదిహేను రోజుల్లో కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఒక్కసారే రాయాలి, దిద్దటానికి వీల్లేదు. కొందరు అద్దెలు చూసుకున్నారు, కొందరు బంధువుల్ని చూసుకున్నారు. మేస్త్రి భార్య రెండో ఊరు రాయమంది. అక్కడ వాళ్ళక్క ఉంది. తోడబుట్టిన వాళ్ళు ఒక ఊళ్ళో ఉంటే కష్టానికీ సుఖానికీ ఒకరికొకరు ఉంటారని ఆమె ఆశ.

మేస్త్రి మనసు మాత్రం బడి మీద ఉంది. దానికి కారణం ఉంది. అతను చదివిన బడి రేకుల షెడ్డు, దాని వెనక రంపపు మిల్లు. మిల్లు నడుస్తున్నంతసేపూ మాస్టారి పెదాలు కదలటం కనిపించేది తప్ప మాట వినిపించేది కాదు. ఏడో తరగతిలో తప్పి, పనిలోకి వచ్చేశాడు. పాఠం వినపడలేదు గనక చదువు రాలేదు, లేకపోతే ఇంజనీర్ల గదిలో కూర్చోవలసినవాణ్ణి అని అతని లోపల ఒక ముల్లు. ఆ ముల్లు గురించి ఎవరికీ చెప్పుకోలేదు. కూతురికి మాత్రం పాఠం వినపడే బడి కావాలి.

మూడు సెలవులు పెట్టుకుని మూడు ఊళ్ళు తిరిగాడు. బళ్ళని ఎలా చూడాలో అతనికి తెలియదు. ఎలా వినాలో తెలుసు. పాఠాలు జరిగే వేళ వెళ్ళి గోడ పక్కన నిలబడేవాడు.

మొదటి ఊళ్ళో బడి రోడ్డు మీదే ఉంది. లారీల మోతలో రంపపు మిల్లు గుర్తొచ్చి రెండు నిమిషాల్లో వెనక్కి తిరిగాడు.

రెండో ఊళ్ళో తోడల్లుడు వెంట వచ్చాడు. ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది, నోరు కూడా ఉంది. ఇద్దరూ బడి గోడ నీడలో నిలబడ్డారు. లోపల ఒక గదిలో ఎక్కాలు అరుస్తున్నారు, ఇంకో గదిలో ఎవరో పడీ పడీ నవ్వుతున్నారు, నవ్వేవాళ్ళలో పంతులమ్మ గొంతు కూడా ఉంది. ఎక్కడో బల్ల లాగుతున్నారు. మేస్త్రి మొహం చిట్లించాడు. వదులైపోయిన మిషను, ప్రతి నట్టూ ఊగుతోంది అన్నాడు.

"ఏమయ్యా తోడల్లుడూ, గోడకి చెవి పెడితే ఏం తెలుస్తుంది? లోపలికెళ్ళి కళ్ళతో చూడు" అన్నాడాయన. "నేను కళ్ళు పరీక్ష చేసేవాణ్ణి, నువ్వు చెవులతో బతికేవాడివి. మనిద్దర్నీ కలిపి కుడితే ఒక పూర్తి మనిషి అవుతాడు."

మేస్త్రి నవ్వాడు గానీ లోపలికి వెళ్ళలేదు.

మూడో ఊరి బడికి పదిన్నరకి చేరాడు. నాలుగు వందల మంది పిల్లలున్న బడి అని గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. మేస్త్రి నమ్మలేకపోయాడు. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. ఒక్క గొంతు, టీచరుది, సన్నగా తీగ లాగినట్టు కిటికీలోంచి వస్తోంది. ప్రతి మాటా తెలుస్తోంది. గంట కొట్టారు. పిల్లలు ఎడమ గోడ వెంట వరసగా నడిచి వచ్చారు, వరసగా నీళ్ళు తాగారు, వరసగా వెళ్ళిపోయారు. కొత్తగా గ్రీజు పెట్టిన యంత్రం తిరిగినట్టే ఉంది. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఆ గేటు దగ్గరే, జేబులోంచి కాగితం తీసి మూడో ఊరు అని రాసేశాడు.

భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా గోడకి చెవి పెట్టే ఒప్పుకున్నారా అని అడిగింది. అప్పుడు నువ్వు కొత్త బేరింగులా ఉన్నావు అన్నాడతను. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఆ విషయం ముగిసిపోయిందని అతను అనుకున్నాడు.

కొత్త ఊళ్ళో రెండు గదుల ఇల్లు దొరికింది. మొదటి వారం పిల్ల బడి నుంచి వచ్చి, సంచీ విసిరేసి, ఆ రోజు కథంతా ఒక్క గుక్కలో చెప్పేది. అక్కడ మాట్లాడిన వాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తారట. సాయంత్రం దాకా చెరపరట. పేరున్న వాళ్ళు చివరి గంట నిలబడే ఉండాలట. దాని పేరు రోజూ ఉంటోంది. అదేదో తిరనాళ్ళలో తప్పిపోయి దొరికినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పింది. నిలబడితే కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుందని కూడా చెప్పింది.

"రేపట్నించి పేరు పడకుండా చూసుకో అమ్మా" అన్నాడు మేస్త్రి. కోపంగా అనలేదు. బూట్లు విప్పుకుంటూ అన్నాడు.

పిల్ల చూసుకుంది. రెండో నెలలో వారానికొకసారి పడేది, మూడో నెలలో అసలు పడలేదు. మార్కులు పెరిగాయి. మేస్త్రి ఆ మార్కుల కాగితం మిల్లుకి తీసుకెళ్ళి అందరికీ చూపించాడు. ఇంటికొస్తే ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతత చదువు వల్ల వచ్చిందనుకున్నాడు. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అన్నాడు భార్యతో. ఆమె పిల్లని చూస్తూ ఉంది.

పిల్ల కుక్కిన పేనులా ఒక మూల కూర్చుంటోంది. కుండ పక్కనే నిలబడి, నీళ్ళు తాగొచ్చా అని అడుగుతోంది. ఏదైనా చెప్పాలంటే ముందు చెయ్యెత్తి, ఎవరైనా చూసేదాకా ఆగుతోంది. తల్లి అటు తిరిగి పనిలో ఉంటే, కాసేపు ఎత్తి ఉంచి, దించేస్తోంది. ఒకసారి ఆమె కావాలనే చూడనట్టు ఉండి, ఓరకంట గమనించింది. ఆ చెయ్యి అలాగే దిగిపోయింది.

ఒక ఆదివారం తల్లి గోళ్ళు తీస్తుంటే, పిల్ల కుడి చేతి మధ్య వేలి గోరు నల్లగా కమిలిపోయి కనిపించింది. వేలు ఉబ్బి ఉంది. అడిగితే, బల్ల మూత పడింది అని చెప్పింది పిల్ల. ఎప్పుడు? గురువారం. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ చేత్తోనే అన్నం తిన్నది, ఆ చేత్తోనే రాసింది. మేస్త్రి పక్కన కూర్చుని వేలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు కదా నాన్నా" అంది పిల్ల. ఏడవలేదు. తప్పు చేసిన దానిలా అతని మొహంలోకి చూసి, "అడక్కుండా చెప్పకూడదు" అంది.

సోమవారం మేస్త్రి బడికి వెళ్ళాడు. ఈసారి లోపలికి వెళ్ళాడు. పెద్ద పంతులమ్మ మర్యాదగా కూర్చోబెట్టింది. మీ పాప ఎంత మారిందో చూశారా, మొదట్లో ఒకటే అల్లరి అంది సంతోషంగా. వేలి సంగతి చెబితే నిజంగానే బాధపడింది, పాప మాకు చెప్పనే లేదండీ అంది. అతనికి ఆమెతో పోట్లాడటానికి ఏమీ దొరకలేదు.

బయటికి వస్తూ వరండాలో ఆగాడు. అదే నిశ్శబ్దం. తలుపు సందులోంచి ఒక తరగతి కనిపించింది. నలభై మంది పిల్లలు బల్లల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్క పాదం కూడా కదలటం లేదు. బోర్డు మూల మీద రెండు పేర్లున్నాయి. అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రి మాట అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు వినపడకపోతే సంబరపడకురా, ముందు చెయ్యి పెట్టి అది తిరుగుతోందో లేదో చూడు అనేవాడు ఆయన. తిరిగేది ఏదైనా కొంచెమైనా మోగుతుంది. ముప్పయ్యేళ్ళు ఆ మాట మీదే అన్నం తిన్నాడు. ఈ గేటు దగ్గర మాత్రం చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు.

మిల్లు ఆఫీసులో అడిగాడు. ఎంచుకున్నది మీరే కదా, ఇంకో అయిదేళ్ళ దాకా మార్చటం కుదరదు అన్నారు. రెండో ఊళ్ళో ఖాళీలు కూడా లేవన్నారు. ఈ ఊళ్ళో ఇంకో బడి ఉంది. భార్యతో కలిసి అక్కడికి వెళ్ళి, ఈసారి ఇద్దరూ చూశారు. అక్కడా బోర్డు మూలన పేర్లున్నాయి. ఈ ఊరికి అదే పద్ధతి, అదే పేరు. మంచి బళ్ళున్న ఊరు అని అందరూ చెప్పుకునేది దాని వల్లే.

భార్య అరవలేదు, దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"మీరు విన్నది చాలు. ఇక నేను చూసుకుంటాను" అంది. వారం తిరక్కుండా పిల్లని తీసుకుని అక్క ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. బస్సు దగ్గర పిల్ల అతని వైపు చెయ్యి ఊపలేదు. ఊపొచ్చా అన్నట్టు తల్లి మొహం చూసింది. ఆమె తల ఊపేలోగా బస్సు కదిలింది.

అప్పట్నుంచి మేస్త్రి రెండు గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు. పని నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. కుళాయి బొట్టు పడితే తెలుస్తుంది. పక్కింటి గడియారం కూడా తెలుస్తుంది. అతని చెవికి ఇంత విశ్రాంతి ఎప్పుడూ దొరకలేదు.

ప్రతి ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తాడు. ఏడాది గడిచింది. వెళ్ళిన కొత్తలో పిల్ల గోడకి అతుక్కుపోయి కూర్చునేదని, మెల్లమెల్లగా మనుషుల్లో పడుతోందని భార్య చెప్పింది. వాళ్ళ పెద్దమ్మ కూతురితో జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజు తల్లీ పెద్దమ్మా ఇద్దరూ విడిపించకుండా చూస్తూ నిలబడ్డారట. ఆ అరుపు విని ఎన్నాళ్ళయిందో అంది.

అతనితో మాత్రం పిల్ల అలా మాట్లాడదు. ఫోన్ అందుకుని నిలబడుతుంది. నిలబడే ఉంటుందని ఆ గొంతు చెబుతుంది.

"అన్నం తిన్నావా అమ్మా?"

"తిన్నాను నాన్నా."

"బడి బావుందా?"

"బావుంది నాన్నా."

చీమల గురించి అడుగుతాడు. నిద్రపోతాయి నాన్నా అంటుంది. ఏ పక్కకి తిరిగి పడుకుంటాయో అడగదు. అతను అడిగినంత వరకే జవాబు. ఇక అడగటానికి ఏమీ మిగలక, సరే అమ్మా, ఉంటాను అంటాడు.

పోయిన ఆదివారం పిల్ల ఫోన్ కట్టెయ్యటం మర్చిపోయింది. బల్ల మీద పెట్టేసి వెళ్ళిన చప్పుడు. తర్వాత నాలుగడుగుల పరుగు. ఆ వెంటనే గది అవతల నుంచి గయ్యిమన్న గొంతు. "నా పెన్సిల్ ముట్టుకున్నావంటే నీ జడ కత్తిరిస్తా చూస్కో! నిన్న ఇస్తానన్నావా లేదా? అన్నావు. పెద్దమ్మా, ఇది అబద్ధాలు చెప్తోంది, వినవే పెద్దమ్మా!" ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, ఎవరూ అడక్కుండా.

మేస్త్రి ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. తను వింటున్నట్టు తెలిస్తే అది ఆగిపోతుందని అతనికి తెలుసు. ఎవరో వచ్చి కట్టేసేదాకా అలాగే ఉన్నాడు.