సాన పట్టినాక చెప్పాల్సిన మాట

మక్తల్ బస్సులో నా పక్కన అమ్మ, బొటనవేలికి కట్టుతో కూర్చుంది. అవతలి సీట్లో, కాళ్ల మధ్య సాన చక్రం పెట్టుకున్న ఒకాయన ఆ కట్టు చూశాడు.

"ఏమైందక్కా?"

"ఉల్లిగడ్డ కోస్తుంటే, కొత్తగా సాన పట్టిన కత్తి తాకి తెగింది."

నేను కిటికీ వైపు తిరిగాను. ముందురోజు ఆ కత్తికి పదును పెట్టింది నేనే. కొత్తగా తెప్పించిన కిట్‌లో కోణం పదిహేను డిగ్రీలకు బిగించి, మూడు రాళ్ల మీద రుద్ది, తోలు పట్టీ మీద యాభైసార్లు లాగి, కాగితం కోసి చూసుకుని, కత్తిని దాని జాగాలో పెట్టేశాను. ఏళ్లుగా ఆ మొద్దు కత్తినే బలంగా నొక్కి కోసే అమ్మకు మాత్రం చెప్పలేదు.

"సాన పట్టినోడు చెప్పలేదా?" అన్నాడాయన. "నేనైతే కత్తి చేతికియ్య. కింద పెట్టి, 'పదునైంది, జర పైలం' అంట. ఇంటామె 'ఆఁ' అన్నదాక ఆడికెల్లి కదల."

"చెప్పిండు తమ్మీ. నేనే ఇనలే," అంది అమ్మ.

"గట్లయితే ఆయనదేం తప్పులేదు."



ఇప్పుడు పదును పెట్టిన ప్రతిసారీ కత్తిని వంటింటి గట్టు మీద పెట్టి, "పైలం అమ్మా" అంటాను. "ఇన్న బిడ్డా" అంటుంది. ఆ మాట వినగానే, బస్సులో అమ్మ అన్న 'ఇనలే' గుర్తొచ్చి నా తల వంగిపోతుంది.