బొమ్మకు పెట్టిన దిష్టిచుక్క

హైతీ పిల్లల బడి కోసం ఇంగ్లండులో మేముండే రీడింగ్ ఊళ్ళో ఏటా చర్చి హాల్లో బొమ్మల వేలం వేస్తారు. నడిపేది మా వీధి చివరింటి టీచరమ్మ. హైతీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరై వచ్చిన మనిషి, వాళ్ళ భాష గడగడా మాట్లాడుతుంది. సమోసాలు చేసిస్తానన్న పాపానికి, "హాలంతా చెమ్మ, రెండు వారాలు మీ ఇంట్లో ఉంచుకుంటావా?" అంటూ ఒక పెయింటింగ్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

పసుప్పచ్చ గౌను వేసుకున్న ఐదేళ్ళ పాప. మెట్ల పక్క గోడకి తగిలించాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! పిలిస్తే పలికేట్టుంది." అలా అన్నరోజు సాయంత్రమే ఫ్రేము కింద పడింది. మర్నాడు మళ్ళీ పడింది. మేకు ఊడలేదు, తాడు తెగలేదు. "నీకు మేకు కొట్టడం కూడా చేతకాదు" అని మా ఆయనే స్వయంగా ఇంకోటి కొట్టాడు. మూడోసారీ పడింది. ఆయన సుత్తి తీసుకెళ్ళి పెట్టెలో పడేశాడు.

నరదిష్టికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇదేమో గుడ్డ మీద బొమ్మాయె! ఏం బుద్ధి పుట్టిందో, కాటుక తీసి పాప ఎడమ బుగ్గ మీద చుక్క పెట్టేశాను. మా అమ్మాయి చూసి, ఎవరిదో పెయింటింగ్ పాడుచేశావంటూ ఇంగ్లీషులో ఎగిరింది. "వేలానికి ముందు తుడిచేస్తాలేవే" అన్నాను. ఆ తర్వాత బొమ్మ పడితే ఒట్టు.

తుడవడం మర్చిపోయాను. నా మతిమరుపు మండ!

శనివారం మధ్యాహ్నం వేలం. ఆ బొమ్మ వేసినావిడ హైతీ నుంచి వీడియో కాల్లో, హాల్లో పెట్టిన పెద్ద తెర మీద కనిపిస్తోంది. పాప బొమ్మని స్టాండు మీద పెట్టగానే లేచి నిలబడి ఏదో అడిగింది. టీచరమ్మ నా వైపు తిరిగింది.

"ఆ మచ్చ ఎవరు పెట్టారని అడుగుతోంది."

అయిపోయాను రా దేవుడా అనుకున్నాను. హాలంతా చూస్తుండగా నేనేనని ఒప్పుకున్నాను. దిష్టంటే ఏమిటో నేను టీచరమ్మకీ, టీచరమ్మ ఆవిడకీ చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ తిట్టలేదు, ఏడ్చింది.

"అది జ్వరంతో పోయిన నా కూతురు. సరిగ్గా అక్కడే దానికి పుట్టుమచ్చ. కావాలనే వెయ్యలేదు. మచ్చ లేకపోతే బొమ్మే అమ్ముడుపోతుంది, పిల్ల నాతోనే ఉంటుంది అనుకున్నాను. తుడిచెయ్యమ్మా" అందట.

టిష్యూ తడిపి తుడిచాను. కాటుక వచ్చేసింది. దాని కింద, లోపలి రంగులోంచి, గోధుమరంగు మచ్చ. నా కాటుక నల్లన, ఇది గోధుమరంగు. ఎంత రుద్దినా పోలేదు. ఆవిడ తెరకి దగ్గరగా వచ్చి చూసింది.

"అది నేను వెయ్యలేదు" అంది. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత, "అమ్మకండి. దాన్ని ఇంక అటూ ఇటూ తిప్పకండి. చుక్క పెట్టినావిడ దగ్గరే ఉండనివ్వండి" అంది. ఏ అమ్మకి అమ్ముకోవాలనిపిస్తుంది, చెప్పండి?

అలా బొమ్మ మా మెట్ల పక్కకే తిరిగొచ్చింది. ప్రతి శనివారం ఆవిడ వీడియో కాల్ చేస్తుంది. ఫోను బొమ్మకి ఎదురుగా పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ భాష నాకు ముక్క రాదు. కానీ తిన్నావా, జడేసుకున్నావా అని అడిగే గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

మొన్న మాటల మధ్యలో చాలాసేపు ఆగిపోయింది. కాల్ కట్టయిందేమోనని తొంగిచూశాను. కట్టవ్వలేదు. తెర మీద ఆవిడ, చెవి ఫోనుకి దగ్గరగా పెట్టి, తలూపుతూ వింటోంది.

నేను అడుగు చప్పుడు కాకుండా వెనక్కొచ్చి, పొయ్యి పైన తిరుగుతున్న ఫ్యాను కట్టేశాను. ఆ రొదలో ఆవిడకి సరిగ్గా వినబడుతుందో లేదో.