ఊళ్లో లేని మామయ్య

మొన్న కోడంబాక్కంలో మా ఇంటికి ఓటర్ల జాబితా సరిచూసే టీచరమ్మ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఇంట్లో అందరూ ఉన్నారా అనడిగింది. ఉన్నారని చెప్పి పంపేశాను గానీ, చేతిలో కాఫీ చల్లారేదాకా మా మామయ్యే గుర్తొచ్చాడు. చింతాద్రిపేటలో వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు. ఏడాది పొడుగునా నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ చొక్కాలే. పోలింగు రోజు మాత్రం ఇస్త్రీ తెల్లచొక్కా, నుదుట విభూది, పోలింగ్ బూత్ తెరవకముందే వరసలో మొదటివాడు. ఆ తొందరేమిటని అత్తయ్య ఎగతాళి చేస్తే, "ఈ ఒక్కదినం నాకు జీతమిచ్చే మా షాపు ముదలాళి కూడా నా ఎనకాలే నిలబడాల గదే" అనేవాడు.

ఒకరోజు ఇంటికి దూరంగా, షాపున్న వీధిలో కొట్లాట జరిగింది. విడదీయబోయిన మామయ్యను కూడా పట్టుకుపోయారు. దెబ్బలు తిన్నవాడు ఆస్పత్రిలో చనిపోవడంతో అది హత్య కేసయింది, బెయిలు రాలేదు. విచారణ సాగుతుండగానే ఎన్నికలొచ్చాయి. ములాఖత్‌కు వెళ్తే, కేసు మాట ఎత్తకుండా, "తెల్లచొక్కా తెచ్చినావా? ఓట్ల దినం మమ్మల్ని తీసకపోను వ్యాను పెడతారు గదా, నాకింకా శిక్ష పడలా" అన్నాడు. పక్కనున్న వార్డరు నవ్వేశాడు. శిక్ష పడకపోయినా లోపలున్నవాడికి ఓటు లేదని నేనే చెప్పాల్సివచ్చింది. చొక్కా పెట్టెలోనే ఉంచమని చెప్పి మామయ్య లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే అత్తయ్య దగ్గరికి జాబితావాళ్లు వచ్చారు. జైలు మాట దాచి, మామయ్య నెల్లూరులో పనికి వెళ్లాడని వీధంతా చెప్పుకొచ్చిందావిడ. పక్కింటివాళ్లు మెట్లమీదే ఉన్నారు. "ఆయన ఈడ లేరు సార్. నెల్లూరు పోయినారు, ఇంక ఆడనే" అంది. వచ్చినాయన ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పరువు నిలబడిందని అత్తయ్య ఊపిరి పీల్చుకుంది.

కొన్నేళ్లకు కోర్టు మామయ్యను నిర్దోషి అని వదిలేసింది. తర్వాతి పోలింగుకు, ఒంటిమీద వదులైపోయిన తెల్లచొక్కాతో, మళ్లీ వరసలో మొదటివాడు. లోపల జాబితాలో పేరు లేదు. ఊరు మారిపోయాడని కొట్టేశారట. ఆడవాళ్ల వరసలో ఉన్న అత్తయ్యకు విషయం అర్థమై, వీధివీధంతా చూస్తుండగా ఏడ్చేసింది. "జైల్లో ఉండారని ఎట్ల చెప్పేది? నోరు రాలా." ఇన్నాళ్లూ దాచిన మాట ఆవిడ నోటనే బయటపడింది. "ఏడవబాకే. పో, నువ్వన్నా ఏసిరా" అన్నాడు మామయ్య. అత్తయ్య వెయ్యలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేసింది.

మళ్లీ దరఖాస్తు పెట్టి పేరెక్కించాం, కొత్త కార్డు కూడా వచ్చింది. ఎన్నికలు రాకముందే మామయ్య పోయాడు. కోర్టులూ ఎన్నికలూ ఎంతకాలమైనా ఆగగలవు. మామయ్యకు అంత కాలం లేకపోయింది.