అన్నీ తుడిచి కట్టినావా?

మొన్న మంగళవారం పొద్దున సార్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అమ్మగారు. "మీ సార్ పోయినాడు పాపా. కాఫీ తాగుతా తాగుతా అట్లే ఒరిగిపోయినాడు" అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. భయం వేసింది. షెడ్డులో ఆరు స్టార్టర్ పెట్టెలు తయారై ఉన్నాయి, వాటిని సార్ ఇంకా చూడలేదు. అలాంటి వేళ పెట్టెలు గుర్తొచ్చినందుకు సిగ్గుపడ్డాను గానీ, భయం మాత్రం తగ్గలేదు.

సార్ అనంతపురం పాలిటెక్నిక్‌లో మాకు ప్రోగ్రామింగ్ చెప్పారు. రిటైరయ్యాక రాప్తాడు దగ్గర ఒక షెడ్డు తీసుకుని బోరు మోటార్లకు పెట్టెలు చేసేవారు. కరెంటు రాగానే మోటారును ఆన్ చేసి, బోరులో నీళ్లు అయిపోతే ఆపేసే పెట్టెలవి. లోపల చిప్‌లో నడిచే ప్రోగ్రాం నేను రాసేదాన్ని. సార్ చదవందే ఒక్కటీ షెడ్డు దాటేది కాదు.

మనం రాసిన ఒక్కో ఫైలును చిప్ భాషలోకి మార్చేది కంపైలర్, ఆ ముక్కలను ఒక్కటిగా కలిపేది లింకర్. వాటి గురించి ఆయన చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది. "వజ్రకరూరులో వజ్రాలుండాయని అందరూ చెప్తారు. అది డిక్లరేషన్. ఒకటి తెచ్చి అరచేతిలో పెడితే, అది డెఫినిషన్. కంపైలర్ ఉత్త మాటను నమ్మి ముందుకు పోతాది. లింకర్ నమ్మదు, యాడుందో చూపించమంటాది." మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. "లింకర్ కూడా పేరే చూస్తాదప్పా. ఆ పేరుకు మీరేం అర్థం రాసినారో చూడదు. అది మీరే చూసుకోవల్ల" అన్నారు.

అందుకే ఆయనకొక అలవాటు. చిన్న మార్పు చేసినా పాత కంపైల్ ఫైళ్లన్నీ తుడిచేసి ప్రోగ్రాంను మొదటి నుంచి కట్టించేవారు. అది అయ్యేదాకా వేయించిన శెనక్కాయలు వొలుచుకుంటూ కూర్చునేవారు. నేను విసుక్కుంటే, "నీకేమన్నా రైలుకు టైమయిందా?" అని ఎగతాళి చేసేవారు.

నాలుగేళ్ల కింద ఆయన కంటి ఆపరేషన్‌కని రెండు రోజులు రాలేదు. చీనీ (బత్తాయి) తోట రైతు ఓబులేసన్న వచ్చి పెట్టె కోసం కూర్చున్నాడు. "చెట్లు వాడిపోతాండాయి పాపా" అన్నాడు. నేను తొందరపడ్డాను.

ఈ పని తెలియనివాళ్ల కోసం నా తప్పు విడమరిచి చెబుతాను. మా ప్రోగ్రాంలో పేర్లకు అర్థాలు రాసే ఫైలు ఒకటుంది. అందులో సున్నా అంటే ఆగు, ఒకటి అంటే రిపేరు, రెండు అంటే నడువు. రిపేరు బటన్ నొక్కితే కరెంటు వచ్చినా మోటారుకు పోకూడదు. నేను ఆగుకూ రిపేరుకూ మధ్య 'కాసేపు ఉండి చూడు' అని ఒకటి ఇరికించాను. దాంతో రిపేరు రెండయింది, నడువు మూడయింది. కానీ బటన్‌ను చూసుకునే ఫైలును ఒక్కదాన్నే మళ్లీ కంపైల్ చేశాను. మోటారును నడిపే ఫైలు పాతదే ఉండిపోయింది. దానికి రెండు గానీ ఆపైన గానీ వస్తే నడవమనే అర్థం. అంటే రిపేరు బటన్ నొక్కినా, కరెంటు రాగానే మోటారుకు పోతుంది. లింకర్ రెండింటినీ మారు మాట్లాడకుండా కలిపేసింది. మోటారు తిరుగుతోంది, ఆగుతోంది. రిపేరు బటన్ నొక్కి చూడకుండానే పెట్టె ఇచ్చేశాను.

మర్నాడు సార్ కంటికి కట్టుతోనే వచ్చారు. "అన్నీ తుడిచి కట్టినావా?" అని అడిగారు. కట్టానని అబద్ధం చెప్పాను. ఆయన ఒంటి కన్నుతోనే ఫైళ్ల తేదీలు చూశారు. "అర్థాల ఫైలు నిన్నటిది. మోటారు ఫైలు పోయిన నెలది. యాడ తుడిచినావమ్మా?"

ఓబులేసన్నకు ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. "జాయింటు కాలిపోయిందని బోరు కాడికి పోయినాడు. వైర్లు చుడతాండాడు" అంది. పరిగెత్తి ఆపమని సార్ ఆమెకు చెప్పారు. తోట ఇంటికి చాలా దూరం. బోర్లకిచ్చే త్రీఫేజ్ కరెంటు పదకొండుకు వస్తుంది. ఇంకా పావుగంట ఉంది. నేను స్కూటీ తోలాను, సార్ వెనక కూర్చున్నారు.

మేం పోయేసరికి ఓబులేసన్న గొంతుకూర్చుని వట్టి చేతులతో తీగలు మెలిపెడుతున్నాడు. పెట్టె మీద బ్యాటరీతో నడిచే రిపేరు లైటు ఎర్రగా వెలుగుతోంది. సార్ నేరుగా పోయి ఫ్యూజులు పీకేశారు. "తీగలు ఇడిసిపెట్టు ఓబులేసూ" అన్నారు. ఆయన జేబులో ఫ్యూజులు వేసుకుంటుండగానే కరెంటు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది.

తర్వాత మోటారు తీగలు విప్పి, వాటి చోట ఒక బల్బు తగిలించి ఫ్యూజులు పెట్టారు. రిపేరు లైటు వెలుగుతూనే ఉంది. బల్బూ వెలిగింది, అంటే రిపేరు నొక్కినా మోటారుకు కరెంటు పోతోంది. "పెట్టెలో చిన్న లోపముండాది, తీసుకపోతాం" అని మాత్రం ఓబులేసన్నకు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు నాతో అన్నారు: "ఆయప్ప నమ్మింది నిన్ను కాదమ్మా, బటన్ కింద రాసిన మాటను. ఆ మాటకు అర్థం రాసేది నువ్వు." మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. ఆ రుణం ఎలా తీరుతుందో నాకు తెలియదు.

మంగళవారం సార్ ఇంటి ముందు ఓబులేసన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పొద్దు ఫ్యూజులు ఎందుకు పీకినాడో అడగాలనుకుంటా ఉంటి. అడగనే లేదు." అప్పుడు చెప్పేశాను, అబద్ధంతో సహా. ఆయన నా చెయ్యి వదిలి, తన అరచేతుల వైపు చూసుకున్నాడు. అడిగాడు: "ఇప్పుడు నా పెట్టెలో ఉండేది సార్ చూసిందేనా?"

"అవునన్నా."

"ఇంకమీద ఎవరు చూస్తారు?"

శుక్రవారం ఆయన్నే షెడ్డుకు రమ్మన్నాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. అన్నీ తుడిచి మొదటి నుంచి కట్టాను. అది అయ్యేదాకా ఆయన సార్ కుర్చీలో కూర్చున్నాడు, నేను నిలబడే ఉన్నాను. సార్ చూడని ఆ ఆరు పెట్టెల్లో మొదటిదానికి బల్బు తగిలించి, మెయిన్ ఆన్ చేశాను. ఆయన రిపేరు బటన్ నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది. బల్బు వెలగలేదు.

ఓబులేసన్న బటన్ మీది నుంచి వేలు తియ్యలేదు, బల్బు మీది నుంచి చూపూ తిప్పలేదు.

"ఇంగోసారి, పాపా" అన్నాడు.